ముసలయ్య ఆపిన యుద్ధం

"ఆ రేడియో ఇలా ఇయ్యే" అన్నాడు ముసలయ్య.

వీరమ్మ ఇవ్వలేదు. రెండు చేతులతో ఒళ్ళో అదిమి పట్టుకుంది. వార్తలొచ్చే వేళయిందంది.

పాకిస్తానుతో యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ ఆమెకు అదే పని. కొడుకు సత్తిబాబు తూర్పు సరిహద్దులో సిపాయి. పొద్దుటి వార్తలు వినగానే మధ్యాహ్నం వార్తల కోసం, అవి వినగానే రాత్రి వార్తల కోసం. తిండి లేదు, నిద్ర లేదు. గుండె దడతో పడిపోయింది కూడా. అమలాపురం డాక్టరు మందు రాయకముందే రేడియో మానిపించమన్నాడు.

ఊరికి మాత్రం యుద్ధం తిరనాళ్ళయింది. టీకొట్టు దగ్గర జనం కూలిన విమానాలు లెక్కపెట్టుకుంటూ పకోడీలు తింటున్నారు. వాళ్ళ కొడుకులెవరూ అక్కడ లేరు.

ముసలయ్య రేడియో లాక్కుని బ్యాటరీలు పీకేశాడు. మర్నాడు బజారునుంచి వస్తూనే యుద్ధం ఆగిపోయిందనీ, మనమే గెలిచామనీ చెప్పాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెతో అబద్ధమాడి ఎరగడు. వీరమ్మ నమ్మింది. ఆ పూట కడుపునిండా అన్నం తింది.

వీధివీధీ తిరిగి, ఆమె ముందు యుద్ధం మాట ఎత్తొద్దని బతిమాలాడు. ఎవరూ మాట తప్పలేదు. వీరమ్మ కాలవకి వెళ్తుంటే రేడియోలు ఆగిపోయేవి. అరుగుల మీద కబుర్లూ ఆగిపోయేవి. పక్కింటి మంగాయమ్మ నోరు జారుతుందేమోనని తలుపే వేసుకునేది. డాక్టరుకన్నా ముసలయ్యే నయమని టీకొట్టు కొండబాబు మెచ్చుకున్నాడు.

వీరమ్మ ఇక యుద్ధం ఊసెత్తలేదు. పోస్టుమాను వచ్చాడా అని మాత్రం అడిగేది. సత్తిబాబు గురించి మంచీ చెడూ ఏ కబురూ రాలేదు. కొన్నాళ్ళకి ఆమె అదీ అడగడం మానేసింది. మనసు కుదుటపడింది అనుకున్నాడు ముసలయ్య.

ఒక సాయంత్రం టీకొట్టు ముందు టపాకాయలు పేలాయి. ఢాకాలో శత్రుసైన్యం లొంగిపోయిందని రేడియో చెప్పింది. ఈసారి నిజంగానే యుద్ధం అయిపోయింది. ముసలయ్య కండువా జారిపోయినా చూసుకోకుండా ఇంటికి పరుగెత్తాడు.

వీరమ్మ వసారాలో కూచునుంది.

"ఆ చప్పుడేంటండి?"

"యుద్ధం అయిపోయిందే" అన్నాడు. అన్నాక నాలిక్కరుచుకున్నాడు. ఇక దాచి లాభం లేదు. "ఆవేళ అబద్ధం చెప్పేను. నాలుగు మెతుకులు తింటావని. నిజంగా అయిపోయింది ఇప్పుడే."

"మీరు అబద్ధం చెబుతున్నారని నాకు తెలుసండి."

ముసలయ్య గుండె తేలికపడింది. "తెలిసే ఊరుకున్నావా?"

"ఆయ్. యుద్ధం ఆగి ఇన్నాళ్ళయినా ఉత్తరం ముక్క లేదు. నన్ను చూస్తే ఊరంతా నోరు మూసుకుంటంది. మంగాయమ్మ తలుపేసుకుంటంది. నాకు అర్థం కాదనుకున్నారేటి?" ఆమె గొంతులో ఏడుపు లేదు. "అబ్బాయి పోయిన సంగతి ఎన్నాళ్ళు దాస్తారండి? పెద్దకర్మ ఎప్పుడు చెయ్యాలో అది చెప్పండి."