తోటకు కట్టిన ముఖం

"ఈ బొమ్మ యాడిది?"

కృష్ణప్ప అలా అడగడం మూడోసారి. మొదటి రెండుసార్లూ జవాబు వినకముందే కొట్టాడు. కుప్పం దగ్గర ఆ టమోటా తోటలో, రైతు చాళ్ల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. మొక్కకు పాతిన ఊతకర్ర విరిగి, సగం కృష్ణప్ప చేతిలోనే ఉంది.

"దిష్టికి కట్టినానప్పా. పుంగనూరు ఫ్లెక్సీ అంగట్లో ఇచ్చినారు. అందురూ కట్టుకుంటాండారు. నన్ను యాల కొడ్తావు?"

గట్టున గుంజకు కట్టిన ఫ్లెక్సీలో ఒక ఆడపిల్ల ముఖం. ఫొటో కాదు, కుంచెతో వేసిన బొమ్మ. విరబోసిన జుట్టు, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, గుడ్లు బయటికొచ్చేలా తెరిచిన కళ్లు. ఆ కళ్లను చూస్తే ఎంత పాడు దిష్టయినా ఆమడ దూరం పోవాల్సిందే.

ఆ ముఖం పల్లవిది. కృష్ణప్పకు ఒక్కగానొక్క కూతురు. మూడేళ్ల కిందట రామసముద్రంలో ఇంటినుంచి మాయమైంది. లేచిపోయిందని ఊరు నవ్వింది. స్టేషన్లో కంప్లైంటు ఇచ్చింది కృష్ణప్పే. భార్య అంజమ్మ ఏడ్చి ఏడ్చి మంచం పట్టింది. ఆయనకా, ఆనాటినుంచి కంటిమీద కునుకు లేదు.

ఆవును కొందామని కుప్పం వచ్చినవాడు ఆవు సంగతే మరిచిపోయాడు. ఫ్లెక్సీ చించి చంకన పెట్టుకుని మోటరు సైకిలెక్కాడు.

పుంగనూరులో ఫ్లెక్సీ అంగడి నడిపే చైతన్య బొమ్మ చూడగానే నవ్వాడు.

"ఈ యక్క మాకు కలిసొచ్చిందప్పా. ముప్పై తోటలకు కట్టించినాం. నీకెంత సైజు కావాల?"

ఆ నవ్వే వాడి కొంప ముంచింది. కృష్ణప్ప వాడి జుట్టు పట్టి ముఖాన్ని గాజు బల్లకేసి కొట్టాడు. గాజు పగిలింది, ముక్కూ పగిలింది. బల్ల మీదున్న కట్టరు తీసి గొంతుకు ఆనించాడు.

"ఎవురు గీసినారు?"

"మదనపల్లె ఇమాముద్దీన్ సాయిబప్పా. ఫోన్లో ఎవురో పంపితే కొట్టేసినా. ఆయన్ని అడగలా. తప్పే."

కట్టరు కృష్ణప్ప జేబులోకి పోయింది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఆయనకు లేనిదల్లా ఆ నిలకడే. మధ్యాహ్నం మూడు దాటేసరికి మదనపల్లెలో ఉన్నాడు.

ఇమాముద్దీన్ నలభై ఏళ్లు బోర్డులు రాసిన మనిషి. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక మనుషుల బొమ్మలు వేస్తున్నాడు. ఆయన బొమ్మలేసే గదిలో, ఎదురు గోడకు, అసలు బొమ్మ నిలువెత్తున ఉంది. గడపలో అడుగు పెట్టిన కృష్ణప్ప ఆ కళ్లను చూసి ఒక్క క్షణం ఆగిపోయాడు. ఆ తర్వాత తలుపు గడియ పెట్టాడు.

"ఈ పిల్లను ఎప్పుడు సూసినావు?"

"నువ్వెవురప్పా?"

సమాధానంగా ముసలాయన దవడ మీద పిడికిలి పడింది. రంగుల డబ్బాలు దొర్లాయి. కృష్ణప్ప ఆయన కుడిచేతిని బల్లకు అదిమి పట్టి చూపుడు వేలు వెనక్కి విరిచాడు.

"సెప్పు."

"ఆ పిల్ల ఎవురికీ సెప్పొద్దనింది."

మధ్యవేలు కూడా విరిగింది. ముసలాయన పళ్లు బిగించి మూలిగాడే తప్ప మాట విడవలేదు. వయసు పైబడినా మొండిఘటం.

"నేను దాని నాయన్ని." కృష్ణప్ప ఆ చెయ్యి వదిలేశాడు.

ఇమాముద్దీన్ తలెత్తి చూశాడు. అంత నొప్పిలోనూ ఆయన ముఖం మెత్తబడింది.

"ఆ మాట ముందే సెప్పుంటే నా ఏళ్లు మిగిలేవి కదప్పా. నాకూ కూతురుండాది. కన్నోళ్ల బాధ తెలీదా?"

"ఎప్పుడు సూసినావు?"

"దినామూ సూస్తాండా. నీ బిడ్డ బతికే ఉండాది."

"అబద్ధం."

"అల్లా మీద ఒట్టు."

కృష్ణప్ప స్టూలు మీద కూలబడ్డాడు. ముసలాయన విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని చెప్పసాగాడు.

"మా కూతురు ముస్కాన్ దగ్గర కుట్టుపని సేస్తాండాది. ఒకదినం అరుగు మీద కూసోబెట్టి బొమ్మ గీస్తాంటే, ఎవురో పార బుజాన ఏసుకోని వీధిలో పోయినాడు. అప్పుడు సూసిన సూపప్పా అది. నేను కల్పించింది కాదు. ఏమ్మా అంటే ఏడ్సింది. ఎవురో సావగొట్టి, గుంత తవ్వి పూడ్సేసినారంట. సచ్చిందనుకోని పైపైన మట్టేసి పోయినారు. గొర్రెలోళ్ల కుక్క గీరబట్టి బయటపడింది. ఆ పాపిష్టోడు ఎవురంటే మాత్రం నోరు తెరవదు."

కృష్ణప్ప స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

"ఇప్పుడు యాడుండాది?"

"ఈ సందు సివర పచ్చ తలుపు. ఒక్కతే ఉంటాది, ముస్కాన్ బజారుకు పోయింది. ఫోన్ సేసి సెప్పేదా?"

"వద్దు. నేనే పోతా."

"అదే మంచిది. నిన్ను సూస్తే పానం లేసొస్తాది."

కృష్ణప్ప లేచాడు. జేబు తడుముకుని, గడియ తీసి సందులోకి దిగాడు. ఇమాముద్దీన్ కళ్లు తుడుచుకుంటూ గడప దాకా వచ్చాడు.

"ఆ గుంత తవ్వినోడు నీ సేతికి దొరకాలప్పా."

ఆ గుంత తవ్వింది కృష్ణప్పే.