రాతి మీది తొమ్మిదో పేరు

పెళ్ళి ఫోటోలో స్వామి తల వెనుక రెండు పేర్లు దాగిపోయాయి.

"మీ ఆయన పొడుగు మనిషి చెల్లె, ఏం జేస్తం," అన్నాడు మణికుమార్, ఫోను పక్కన పెట్టి.

విజయరాణి నవ్వలేదు.

వాళ్ళది నిజామాబాద్ పక్క ఊరు. అక్కడి పాత మెథడిస్టు చర్చి గోడలో ఒక నల్లరాయి ఉండేది. రాయి మీద తొమ్మిది పేర్లు. నూరేళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళ యుద్ధానికని సముద్రం దాటి బస్రా పోయి, అక్కడే మట్టిలో కలిసిపోయిన ఊరివాళ్ళవి.

వాళ్ళకు సమాధుల్లేవు. ఆ రాయే సమాధి.

ఇప్పుడు చర్చి లేదు. కూలగొట్టమన్నది వీళ్ళే. గల్ఫులో ఉన్న ఊరివాళ్ళంతా కలిసి, పెద్దది కడదామన్నారు. పాత రాళ్ళు ట్రాక్టర్లలో పోయి రోడ్డు గుంతల్లో పడ్డాక గానీ నల్లరాయి ఎవరికీ గుర్తు రాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు.

మణికుమార్ ఇక్కడ గల్ఫులోనే, సల్మాబాద్‌లో రాళ్ళు కోసే షాపులో పనిచేస్తాడు. కొత్త రాయి తనే చెక్కి కార్గోలో పంపుతానన్నాడు. షాపులో దొరికింది కరీంనగర్ గ్రానైటు. అది కూడా గల్ఫు చూసి ఇంటికి పోతుందన్నమాట.

పేర్లు మాత్రం ఏ కాగితం మీదా లేవు.

అందుకే అందరినీ పెళ్ళి ఫోటోలు అడిగాడు. కొత్తజంటను ఆ రాయి ముందు నిలబెట్టి ఫోటో తీయడం ఊరి ఆనవాయితీ. ఒకరి తల మూసేసిన పేరు, పొట్టివాడి పెళ్ళిలో బయటపడింది. అలా ఏరి ఏరి ఎనిమిది దొరికాయి.

తొమ్మిదోది అన్నిటికన్నా కిందిది. ఏ ఫోటోలో చూసినా దానికి అడ్డంగా పూలదండలే.

ఆ శుక్రవారం జుఫైర్‌లోని అద్దె హాల్లో ప్రార్థన అయిపోయింది. అందరూ కుర్చీలు మడుస్తున్నారు.

సంఘపెద్ద బుజ్జిబాబు గారిది కాకినాడ. ఆయన వాచీ చూసుకున్నాడు.

"రేపు సాయంత్రం కార్గోవాళ్ళు వచ్చేస్తారు కదా మణీ. ఎనిమిదీ చెక్కేసి, కింద 'మరొకరు' అని పెట్టేయ్. దేవుడికి తెలీదంటావా ఏంటి?"

విజయరాణి చేతిలోని కుర్చీ సగం మడతలోనే ఆగిపోయింది.

మరొకరు.

రెండేళ్ళ కిందట, సముద్రం మీది వంతెనకు అవతల, పక్క దేశంలోని దమ్మాంలో ఒక వ్యాను బోల్తాపడింది. పేపర్లో ముగ్గురి పేర్లు వేశారు. నాలుగో మనిషిని 'మరొకరు' అన్నారు.

ఆ నాలుగో మనిషి స్వామి.

శవం దమ్మాం నుంచే ఊరికి వెళ్ళిపోయింది. ఆమె అప్పుడూ ఇక్కడే, రిఫాలో ఇంటిపనిలో ఉంది. వీసా మారుతోంది, పాస్‌పోర్టు చేతిలో లేదు. రెండు గంటల దారి. కడచూపు దక్కలేదు.

మరిది ఒక ఫోటో పంపాడు. 'చర్చిల రాయి ముందల పండవెట్టినం వదినా' అని రాశాడు.

ఆ ముక్క చదివింది. ఫోటో తెరవలేదు. తెరవనంత కాలం స్వామి వంతెన అవతల డ్యూటీలో ఉన్నట్టే అనిపించేది.

పడుకున్న మనిషి తల ఏ పేరుకూ అడ్డం రాదు. ఆ సంగతి ఆమెకు రెండు వారాలుగా తెలుసు. అయినా మణికుమార్‌కు పెళ్ళి ఫోటో ఒక్కటే ఇచ్చింది.

"మణన్నా, నా కాడ ఇంకో ఫోటో ఉన్నది."

ఏ ఫోటోనో అతనికి తెలిసిపోయింది.

"వద్దు చెల్లె. పెద్దాయన చెప్పినట్టే రాస్త."

"గా మాట రాయకన్నా. గా తొమ్మిదో ఆయనకు గూడ ఇంటికాడ ఎదురుచూసేటోళ్ళు ఉండిరి గద."

ఫోను అతని చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది.

"నువ్వే తియ్యి. నేను చూడ."

మణికుమార్ ఫోటో తెరిచాడు. రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"కనవడ్డది. ఎర్రోల్ల పెద్ద సాయన్న."

బుజ్జిబాబు గారు కాగితం మీద రాసుకున్నారు. రాశాక ఒకసారి పైకి చదివారు.

"ఎర్రోల్ల పెద్ద సాయన్న. క్షమించమ్మా," అన్నారు.

మణికుమార్ ఫోటో మూయబోయాడు. విజయరాణి వచ్చి అతని పక్కన నిలబడింది. తెర నిండా నల్లరాయే ఉంది; స్వామి ముఖం ఇంకా కిందే ఉండిపోయింది.

ఫోను కోసం ఆమె చెయ్యి చాపలేదు.

"జెర కిందికి జరుపు, అన్నా."