సైలెన్సర్

శైలజ ముక్కు చీదింది. కొంగు మీద నల్లటి మరక పడింది.

"థూ!" అంటూ వంటింటి కిటికీ మూసేసింది. అప్పటికే ఆలస్యమైంది. పక్కింటి దినేష్ బండి వదిలిన పొగ గోడ దాటి, ఆరేసిన బట్టల మీదుగా లోపలికి వచ్చేసింది. పొయ్యి మీది పాలకు కూడా కాలిన ఆయిలు కంపు పట్టింది.

ముప్పై ఏళ్ళ నాటి టూ స్ట్రోక్ బండి అది. అయిజలో ఎవరి కొట్టంలోనో పల్లీ బస్తాల వెనక తుప్పు పట్టి పడి ఉంటే, దినేష్ ఆటోలో వేసుకుని తెచ్చాడు. ఆర్నెల్లు దాని మీదే పడ్డాడు. ట్యాంకుకు చిలకాకుపచ్చ రంగు కొట్టించాడు. పొడుగు సీటు తీసేసి, ఒక్కరే కూర్చునే సీటు బిగించాడు. చీర చక్రంలో పడకుండా ఉండే జాలీని ఊడబీకి చెత్తలో పారేశాడు. చివరికి సైలెన్సర్ లోపలి గొట్టం లాగేశాడు. ఇక దాని అరుపు ఊరి నడుమ ఉన్న పాత కోట గోడ దాకా వినబడుతుంది.

ఆదివారాలు దాని మీద జూరాల డ్యాం దాకా పోతాడు. అక్కడ కుర్రాళ్ళు చుట్టూ మూగి ఫోటోలు దిగుతారు. దిగితే దిగనీ. అసలు రోత సాయంత్రాలది.

షాపు నుంచి రాగానే బండికి వాకిట్లో స్టాండు వేస్తాడు. యాక్సిలరేటర్‌కు ఏదో క్లిప్పు చేయించాడు. చెయ్యి వదిలినా రేసు తగ్గదు. దాన్ని అట్లా అరవనిచ్చి తను లోపలికి పోతాడు. తలుపు గడియ కూడా పెట్టుకుంటాడు. తనకు మాత్రం పొగ తగలొద్దు కాబోలు. తాపీగా టీ తాగి వస్తాడు కాబోలు. పొగేమో వాడ మొత్తానికి, టీ తనకు!

"పాత ఇంజనక్కా. రోజూ జర గట్టిగ తిప్పకుంటే కార్బన్ పడ్తది" అన్నాడు ఒకసారి అడిగితే, నవ్వుతూ.

ఆ నవ్వుకు వాడంతా మురిసిపోతుంది. మెత్తని మనిషి అంటారు. శైలజకు మాత్రం వాడి గోళ్ళలోని జిడ్డు, తన ముగ్గు మీద పడ్డ ఆయిలు చుక్కలే కనబడతాయి.

ముగ్గు సంగతి సరే. శైలజ భర్త నర్సింహులు ముందు గదిలోనే గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు. పోయిన నెల పాలమీగడ రంగు చీర ఒకటి పట్టుకుపోతే, నూలిచ్చి నేయించుకునే సేటు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి తిప్పి పంపాడు. "పొగ కంపు కొడ్తుంది నర్సింహులూ. ఇంకోటి గిట్ల తెచ్చినవంటే నీకు నూలు బంద్" అన్నాడు. ఇప్పుడు మగ్గం మీద ఉన్నది ఆ ఇంకోటి.

"పోయి అడుగుదాం పా" అంది శైలజ.

"పక్కింటోనితోని లొల్లెందుకే?" అంటూ నర్సింహులు కిటికీకి గోనెపట్టా కట్టాడు. అంతే ఆయన పౌరుషం.

మర్నాడు నల్లా దగ్గర దినేష్ భార్య యామిని కనబడింది. వనపర్తి పిల్ల. పెళ్ళై ఏడాది కాలేదు, చేతికి ఒక్క గాజైనా ఉంచుకోదు. అది కూడా శైలజకు గిట్టదు.

"ఏమ్మా, నీ మొగుడు మమ్ములను బతకనిస్తడా లేదా? జర చెప్పరాదు?"

యామిని తమ ఇంటి తలుపు వైపు చూసింది. "నేన్జెప్తే ఇనడక్కా."

"అయితే పోలీసోళ్ళకు చెప్త. మల్ల నా మీద మొఖం ముడుసుకోవద్దు."

యామిని ఠక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "జల్ది చెప్పుండక్కా. ఆ చప్పుడొక్కటి బందైతే చాలు."

బిందె నిండి పొర్లుతున్నా చెయ్యి వదల్లేదు. శైలజే విడిపించుకుంది. ఒళ్ళు మండింది. ఆ చప్పుడు తనకూ పడదన్నమాట. మరి నోరు లేదా? మొగుడి దగ్గర మంచిపేరు తనకు, వాడలో చెడ్డపేరు శైలజకు!

అయినా వీడియో తీసి స్టేషన్ నంబరుకు పంపింది. మోత బళ్ళను పోలీసులు వెతికి పట్టుకుంటున్న రోజులవి. ఆ వారంలోనే దినేష్‌ను ఆపారు. క్లిప్పు పీకేశారు. ఇంటి ముందు రేసు పెడితే బండే ఉండదన్నారు. సైలెన్సర్ ఊడదీసి, మిగతా బళ్ళ సైలెన్సర్లతో కలిపి చౌరస్తాలో పరిచి, రోడ్డు రోలర్ ఎక్కించారు.

శైలజ కూరగాయల సంచీతో నిలబడి చివరిదాకా చూసింది. కడుపు చల్లబడింది.

సాయంత్రం బండి పిల్లిలా వచ్చి ఆగింది. కొత్త సైలెన్సర్. దినేష్ గోడ మీంచి పలకరించాడు.

"ఖుషీయేనా అక్కా?"

"నేనేం జెయ్యలే తమ్మీ..."

"నీ మీద నాకేం కోపం లేదు. నీతోని చెప్పిచ్చినోళ్ళెవరో నాకు తెల్సులే." అదే నవ్వు. బండి తాళం జేబులో వేసుకుని లోపలికి పోయాడు. తలుపు గడియ పడిన శబ్దం కూడా వినబడేంత నిశ్శబ్దంగా ఉంది వాడ.

శైలజ గోనెపట్టా విప్పేసింది. మగ్గం మీదికి వంగి చీర వాసన చూసింది. గంజి వాసన, కొత్త పట్టు అంచు వాసన, అంతే.

నర్సింహులు పోగుల మధ్య నాడె ఆడించడం ఆపి నవ్వాడు. "గెల్చినవ్ పో."

అప్పుడే గోడ అవతల బెల్టు దెబ్బ చెళ్ళుమంది, ఆ వెంటనే యామిని గొంతు పగిలేలా అరిచింది: "శైలజక్కా, ఇప్పుడన్న ఇనవడ్తుందా?"