అదే రకం గ్లౌజులు

"డ్రిల్లింగ్ మిషన్ పనికి మంచి గ్లౌజులివ్వమ్మా," అన్నాడు నా కొట్టుకొచ్చిన మా పాత మిషన్ షెడ్డు సూపర్‌వైజరు. రిటైరయ్యాక ఇంట్లోనే మిషన్ పెట్టుకున్నాడట. జుట్టు నెరిసిన నన్ను గుర్తుపట్టలేదు.

తిరిగే మిషన్ దగ్గర గ్లౌజు వేసుకోకూడదు. పోగు చిక్కిందంటే చేతిని కూడా లాగేసుకుంటుంది. అప్పట్లో మేం ఎంత మొత్తుకున్నా, "వేసుకోనివాళ్లు ఇంటికి పొండి" అన్నది ఈ మహానుభావుడే. తర్వాత జరిగినదానికి చేతులు దులిపేసుకున్నాడు.

ఏరి ఏరి, పోగులు లేచిన వదులు గ్లౌజులు తీసిచ్చాను.

ఆయన మొహం చిట్లించాడు. "ఎడంచేత్తో ఇస్తావేంటమ్మా, మర్యాద లేకుండా?"

శాలువా తీసి, ఖాళీగా వేలాడే చొక్కా చెయ్యి చూపించాను.

"కుడిది మీ షెడ్డులోనే పోయింది సార్. ఇవి మీరప్పుడిచ్చిన రకమే. వేసుకుని చూడండి."