మూడు వందల పన్నెండు

మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా కస్తూరి ఫోన్ గుర్రుమంది. కొడుకు నవదీప్ షుగరు 312.

నిన్న 286 వచ్చినప్పుడు, ఏదో ఒక్కరోజులే అని సరిపెట్టుకుంది. ఇవాళ అలా సరిపెట్టుకోలేకపోయింది. మేనేజర్‌తో ఒక ముక్క చెప్పి, నోయిడా ఆఫీసు గేటు ముందు దొరికిన ఆటో ఎక్కేసింది.

పదిహేనేళ్లకే వాడికి షుగరు బయటపడింది. రెండేళ్లలో ఇన్సులిన్ సూదికి అలవాటుపడ్డాడు గానీ అంకెలకు అలవాటుపడలేదు. మీటర్‌లో పెద్ద అంకె కనిపిస్తే చాలు, గది తలుపేసుకునేవాడు. అన్నం ముట్టేవాడు కాదు. "ఇలా బతికి ఏం చెయ్యాలి మమ్మీ?" అన్నాడొకసారి. ఆ సాయంత్రమే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆ తర్వాత అంతా కుదుటపడింది. వాడు పరీక్ష చేసుకోగానే అంకె ఆమె ఫోన్‌కి వచ్చేస్తుంది. 104. 98. 110. చూసినప్పుడల్లా ఆమెకు ప్రాణం లేచొచ్చేది. వాడు మళ్లీ క్రికెట్‌కి వెళ్తున్నాడు. నవ్వుతున్నాడు. ఇక పక్కన నిలబడి చూడక్కర్లేదనుకుంది.

ఆ నమ్మకాన్ని తీసుకెళ్లి వీధిలో మోమోలు తినే బండి దగ్గర పారేశాడన్నమాట.

ఇంట్లోకి వచ్చేసరికి నవదీప్ సోఫాలో కూర్చుని ఉన్నాడు. తొమ్మిదేళ్ల సహస్ర అన్న ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.

"ఏం తిన్నావు?"

"కుఛ్ నహీఁ, మమ్మీ."

"అబద్ధం. నిన్నా తిన్నావు, ఇవాళా తిన్నావు. నాతో చెప్పి తింటే వద్దంటానా?"

వాడు చెల్లి నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

"హాస్పిటల్లో మూడు నెలల సగటు చూపే రక్తపరీక్ష ఎగ్జామ్స్ అయ్యాక చేయించుకుంటానంటే సరేనన్నాను. ఎందుకు? నీ మాట మీద నమ్మకంతోనే కదరా."

సహస్ర కళ్లు తెరిచింది. "మమ్మీ, పానీ."

"నీళ్లిస్తా ఉండమ్మా, అన్నతో మాట్లాడుతున్నాను."

ఆ పిల్ల మళ్లీ కళ్లు మూసుకుంది.

కస్తూరి ఎదురుగా కుర్చీలో కూలబడింది. ఊళ్లో వాళ్లందరికీ వీడి గురించి గొప్పగా చెప్పుకుంది. కౌన్సెలర్‌కి కూడా ఫోన్ చేసి, మా వాడు బాగైపోయాడండీ అని చెప్పింది. అవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"నన్ను మోసం చేశావురా."

"చేశాను," అన్నాడు నవదీప్. చెల్లి నుదుటి మీది చెయ్యి మాత్రం తియ్యలేదు. "క్యాబ్ పిలిచాను. హాస్పిటల్‌కి వెళ్దాం. తర్వాత ఎంతైనా తిట్టు."

"ఇప్పుడు భయమేసిందా?"

వాడు మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

"ఇన్ని నెలలూ ఆ మీటర్‌కి ఇచ్చింది నా రక్తం కాదు మమ్మీ, చెల్లిది."