ఖాళీ గడి

రిపోర్టుల కోసం కంప్యూటర్లో తాను రాసిన ఫార్ములాలో తప్పుందేమోనన్న అనుమానం ల్యాబు గుమాస్తాను ఆరేళ్లుగా పూజలో కూడా వదల్లేదు.

కొత్తగా చేరిన అమ్మాయి ఇవాళ కంప్యూటర్ ముందు పకపకా నవ్వింది. "చోద్యం చూడండి బాబాయ్! ఇన్ఫెక్షన్ పరీక్షే జరగలేదు, గడి ఖాళీగా ఉంది. రిపోర్టేమో నార్మల్ అంటోంది!"

"గడిలో అంకె పదికి తక్కువైతే నార్మల్ అనమన్నానమ్మా."

"ఖాళీని అది సున్నా అనుకుంటుంది కదా! ఖాళీ అయితే ఆగమని ముందే చెప్పాలి."

గుమాస్తా బయటికి వెళ్లాడు. ల్యాబు వ్యాను డ్రైవర్ రక్తం శాంపిళ్ల పెట్టె దించుతున్నాడు. ఆరేళ్ల కిందట ఈ ల్యాబులోనే అతని భార్యకూ నార్మల్ అనే రిపోర్టు ఇచ్చారు; అప్పుడూ ఆ గడి ఖాళీగానే ఉండటం గుమాస్తాకు గుర్తుంది. మూడోనాడు ఆమె ఇన్ఫెక్షన్‌తో పోయింది.

"తమ్ముడూ, ఆ రోజు మీ ఆవిడకి పరీక్ష జరగనే లేదు. నార్మల్ అన్నది నేను రాసిన ఫార్ములా. తప్పు నాదయ్యా."

డ్రైవర్ పెట్టె మెల్లగా కింద పెట్టాడు.

"ఈ మాటొక్కటే నాకిక్కడ రావలసిన బాకీ అన్నా. దీనికోసమే ఇక్కడ పనిలో చేరాను."