నిద్ర మాస్టారు

"మీ కుడిచెయ్యి తేలికవుతోంది... దూదిలా... దానంతటదే పైకి లేస్తోంది," అంది వైద్యం చేస్తున్నామె.

మాస్టారి చెయ్యి లేచింది. దానంతటది కాదు. ఆయనే లేపారు.

ఇది నాలుగో వారం. నాలుగు వారాలుగా మాస్టారు ఆ వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తున్నారు. చెయ్యి ఎంత మెల్లగా లేస్తే నిజంలా ఉంటుందో, ఎక్కడ కాస్త ఆగాలో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ముప్ఫై ఏళ్ళు అదే ఆయన బతుకుతెరువు. కాలేజీ వార్షికోత్సవాల్లో, క్లబ్బుల్లో హిప్నటిజం ప్రదర్శనలు. గోడల నిండా పోస్టర్లు. పడుకోకపోతే నిద్ర మాస్టార్ని పిలుస్తామని పిల్లల్ని బెదిరించేవాళ్ళు.

అంతమందిని నిద్రపుచ్చిన మనిషికి ఏడాదిగా కంటిమీద కునుకు లేదు. తిండి సయించదు. స్నానానికి లేవడమంటే కొండెక్కినంత పని. ఒకరోజు భార్య ఏమీ అడక్కుండా చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి, ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు డిప్రెషన్ అన్నాడు. మాత్రలు రాశాడు. రెండు నెలలకి నిద్ర కాస్త కుదిరింది గానీ గుండెల మీది బరువు దిగలేదు. మాత్రలు ఆపొద్దనీ, వాటికి తోడుగా హిప్నోథెరపీ కూడా తీసుకుంటే మేలనీ డాక్టరు చెప్పాడు.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఈత నేర్పేవాణ్ణి జుట్టు పట్టుకుని నీళ్ళలోంచి లాగడం లాంటిదే గదా ఇది. వెళ్ళనన్నారు. భార్య ఒక్క మాటే అంది.

"మీ కోసం వద్దు. నా కోసం వెళ్ళండి."

వచ్చారు. గదిలో అడుగుపెట్టి, ఎదురుగా కూర్చున్నామెను చూడగానే వెనక్కి తిరిగి పారిపోదామనుకున్నారు. కుడి కనుబొమను రెండుగా చీల్చిన గాటు. ముప్ఫై ఏళ్ళయినా ఆయన మరిచిపోలేని గాటు.

అది మాస్టారి మొట్టమొదటి ప్రదర్శన. ఓ కాలేజీ హాలు. పిలిస్తే ఏడుగురు వేదికెక్కారు. ఆరుగురు నిద్రపోలేదు సరికదా, పకపకా నవ్వుతూ దిగిపోయారు. చివరికి మిగిలింది కనుబొమ మీద గాటున్న ఈ అమ్మాయే. నువ్వు కోడిపుంజువి అన్నారు మాస్టారు. ఆ అమ్మాయి మెడ సాచి, చేతులు రెక్కల్లా కొట్టుకుంటూ గొంతెత్తి కూసింది. హాలు హోరెత్తిపోయింది. ఆ చప్పట్లు తలకెక్కి మాస్టారు ఇంకో మాట కూడా విసిరారు. మనసు బలహీనంగా ఉన్నవాళ్ళే ముందు పడిపోతారు, చూశారా అని.

ఆ కూతతోనే ఆయన పేరు ఊరూరా పాకింది. ఆ అమ్మాయి వారం రోజులు కాలేజీకి రాలేదనీ, వచ్చాక అందరూ 'పుంజు' అని పిలిచేవాళ్ళనీ తర్వాతెప్పుడో ఎవరో చెబితే తెలిసింది. వెళ్ళి క్షమించమని అడగాలనుకున్నారు. అనుకుంటూనే ముప్ఫై ఏళ్ళు గడిపేశారు.

ఆమె తనని గుర్తుపట్టిందో లేదో ఆయనకి అర్థం కాలేదు. ఇది మాయా మంత్రమూ కాదనీ, మీరు మనసారా ఒప్పుకుంటేనే పనిచేస్తుందనీ మొదటిరోజు ఎంతో మర్యాదగా చెప్పింది. మాస్టారు తల ఊపి కళ్ళు మూసుకున్నారు. మూసుకోగానే కోడికూత వినిపించింది. ఇక నిద్రెక్కడిది?

ఇంటికెళితే భార్య గుమ్మంలోనే ఎలా ఉందని అడిగేది. బాగుందనేవారు. ఆవిడ మొహం చేటంత అయ్యేది. మా ఆయన తేరుకుంటున్నారే అని నిన్న ఆవిడ ఫోన్లో వాళ్ళ అక్కయ్యతో చెబుతుంటే మాస్టారు పక్కగదిలోంచి విన్నారు. సిగ్గుతో చితికిపోయారు. కట్టుకున్నదానికీ మోసమే, వైద్యం చేస్తున్నామెకీ మోసమే.

"ఇప్పుడు చెయ్యి నెమ్మదిగా కిందికి దిగుతోంది," అంది ఆమె.

చెయ్యి దిగలేదు. మాస్టారు కళ్ళు తెరిచారు.

"నేను నిద్రలో లేనమ్మా. ఒక్కరోజు కూడా లేను. నటిస్తున్నాను."

ఆమె కోప్పడలేదు. రాసుకుంటున్న పుస్తకం మూసి పక్కన పెట్టి, ఎందుకని అడిగింది.

మాస్టారు ఆమె మొహం చూడలేక నేలకేసి చూస్తూ అంతా చెప్పేశారు. ఆ హాలు, ఆ కూత, తను విసిరిన మాట.

"మిమ్మల్ని నలుగురిలో నవ్వులపాలు చేసి పేరు తెచ్చుకున్నవాణ్ణి. మీ చేతుల మీదుగా బాగుపడే అర్హత నాకు లేదు."

ఆమె, మొదటిరోజే గుర్తుపట్టాననీ, మీ అంతట మీరు చెప్పేదాకా ఆగుదామనుకున్నాననీ అంది. 'పుంజు' అన్న పేరు చదువు అయ్యేదాకా తనని వదల్లేదనీ, ఆ రోజుల్లో బాగా ఏడ్చిన మాట నిజమేననీ దాచుకోకుండా చెప్పింది. కావాలంటే ఇంకొకరి దగ్గరికి పంపిస్తానంది.

మాస్టారు రెండు చేతులూ జోడించారు.

ఆమె లేచి వచ్చి ఆ చేతులు పట్టుకుని దించింది.

"ఆ రోజు నేనూ నిద్రపోలేదు మాస్టారూ, ఆరుగురూ దిగిపోయాక మీ చేతిలో మైకు వణికిపోతుంటే చూడలేక కూశాను."